గుమ్మం దాటిన గేరు

హలో… ఆ, నేనే బావగారూ. స్కూల్లోనే, ల్యాబులో ఉన్నాను. ఇప్పుడే క్లాసు అయింది… చెప్పండి.

… నిన్న రాసిచ్చిన కాగితం ప్రకారమే చేశారా? … ఓనరు గారు పక్కనే ఉన్నారా. నమస్కారం చెప్పండి. మీ తమ్ముడి ఉద్యోగం ఉండాలో ఊడాలో వాళ్ళావిడే లెక్కకట్టి చెప్పాలట. నాకింత పెద్ద పరీక్ష ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

… లేదండీ, వెటకారం కాదు… సరే, కొంచెం వెటకారమే. కానివ్వండి.

ఫర్నేసు వేడి చూపించే మీటరు పాడైంది. నెల రోజులుగా గేర్లు మెత్తగా వస్తున్నాయి. మా ఆయన సరిగ్గా కాల్చట్లేదని మీరంటున్నారు, అంతేగా? … ఎనిమిది వందల యాభై డిగ్రీల వేడితో నీళ్ళలో పడితేనే గేరు గట్టిపడుతుంది. తెలుసు. అన్నం ముందు కూర్చుని కూడా ఆ అంకే జపిస్తున్నారు, ముద్ద దిగట్లేదు ఆయనకి.

ఊఁ, చెప్పండి… గేరు రెండు వందల గ్రాములు. గిన్నెలో నీళ్ళు రెండు లీటర్లు, ముప్పై డిగ్రీలు. కాలిన గేరు వేసి కలిపాక… ముప్పై ఆరు.

ఆగండి. నీళ్ళు రెండు వేల గ్రాములు, ఆరు డిగ్రీలు వేడెక్కాయి. పన్నెండు వేల కేలరీలు. అది గేరు ఇచ్చిందే, ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇనుము గ్రాము ఒక డిగ్రీ చల్లారితే సున్నా పాయింట్ పదకొండు కేలరీ… రెండు వందల గ్రాములకి ఇరవై రెండు… భాగిస్తే అయిదు వందల నలభై అయిదు. ముప్పై ఆరు కలపాలి…

అయిదు వందల ఎనభై ఒకటి.

… వింటున్నాను. ‘నేను చెప్పలేదా’ అనండి, అనకపోతే మీకు నిద్ర పట్టదు.

… … ఒక్క నిమిషం బావగారూ. ఫర్నేసులోంచి తీసినప్పుడు గేరు ఏ రంగులో ఉంది? … నారింజ రంగా? మరి నీళ్ళలో వేసేటప్పుడు? … నల్లబడిందా. ఎక్కడ నల్లబడింది?

… దారిలోనా? దారేంటండీ, గిన్నె నీళ్ళ తొట్టి దగ్గర పెట్టమన్నాను, ఆ తొట్టి ఫర్నేసు పక్కనే కదా ఉండేది?

… బయట పెట్టించారా. ఎందుకు? … ఆవిరికి మీ కళ్ళజోడు మసకబారుతోందని. ఎప్పుడు? … నెల క్రితం.

నవ్వట్లేదండీ, దగ్గొచ్చింది. ఎన్ని అడుగులుంటుంది? … ముప్పై. పట్టకారుతో పట్టుకుని, మీ మోకాలినొప్పితో… ఆ? గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి గేరు కింద పెట్టారా? రోజూ అంతేనా? ప్రతి గేరూనా?

… ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మీరు పెద్దవారు, అనకూడదు. అనేశాను.

గిన్నె ఫర్నేసు నోటి దగ్గర పెట్టండి. కొత్త నీళ్ళు, అంతే కొలత, అదే సైజు గేరు. కళ్ళజోడు జేబులో పెట్టుకోండి… తీశారా… వెంటనే వేసెయ్యండి… కలపండి.

… మీరొద్దు, ఓనరు గారిని చదవమనండి. జోడు మీ జేబులో ఉంది కదా.

… ముప్పై తొమ్మిది. మూడే డిగ్రీలా అనకండి. తొమ్మిది రెండువేలు పద్దెనిమిది వేలు… ఎనిమిది వందల పద్దెనిమిది… మొత్తం ఎనిమిది వందల యాభై ఏడు.

ఏడు ఎక్కువే కాల్చాడు మీ తమ్ముడు.



… ఓనరు గారికి తర్వాత నెమ్మదిగా చెప్తారా. కుదరదు. ఆయన్ని నెమ్మదిగా తిట్టారా మీరు? నలుగురిలో అన్నారు, నలుగురిలోనే చెప్పండి. ఫోన్ పెట్టకండి, వింటాను.

… గట్టిగా.

… ఊఁ. విన్నాను. థాంక్స్ బావగారూ, నిజంగానే అంటున్నాను. ఆయనకివ్వండి ఫోన్.

… ఏమండీ… మీరేనా? అంతా విన్నారా?

… ఒక్క మాట. మొన్న అడిగాను గుర్తుందా, ఫర్నేసు దగ్గర కునుకు తీస్తున్నారా అని… నవ్వుతూనే అడిగాను గానీ, నవ్వులాటకి కాదు. మీ అన్నయ్య మాట నేనూ నమ్మాను. పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, ఒక్కసారి అక్కడికొచ్చి చూడలేదు… తప్పయిపోయింది.

తిట్టండి పోనీ.

… ఫర్నేసు తలుపు తీసుందా? … వేడి పోతోందా… సరే. సరే, వెళ్ళి మూసెయ్యండి. పెట్టేస్తున్నాను.