హోస్టిస్ ఇంకా కుదరలేదు

ముందు గదిలో, కిటికీ పక్క కుర్చీలో చూపు మందగించిన బావ. ఎదురుగా స్టూలు మీద, కాగితాలు పట్టుకుని, నిఘంటువు ఆఫీసులో పనిచేసే బావమరిది. వంటింట్లో అక్క.

“మళ్ళీ చదువు.”

“హోస్టిస్. లాటిన్ నామవాచకం. అర్థం: శత్రువు, పగవాడు...”

“ఆగాగు. పగవాడా? గోడ జాగా కోసం పక్కింటివాడితో నీకో తగాదా ఉంది చూడు, అదీ పగ. వాణ్ణి ఇనిమికుస్ అంటారు. హోస్టిస్ అంటే దేశం మీదికి దండెత్తి వచ్చినవాడు. అలాంటి శత్రువు ఉండాలంటే మనిషికో స్థాయి ఉండాలి. నీకెక్కడిది?”

“సరే బావా, పగవాణ్ణి కొట్టేశాను.”

“కొట్టేశాడట! ఇన్నేళ్ళు జీతం తిని కొట్టివేత తప్ప ఏం నేర్చుకున్నావు? పుట్టుక చదువు.”

“మొదట్లో ఈ మాటకి శత్రువనే అర్థం లేదు. పరాయివాడు అని మాత్రమే...”

“ఓహో. మరి శత్రువెలా అయ్యాడు?”

“అంటే... కాలక్రమంలో...”

“కాలక్రమంలో! ఇల్లు తగలబడినా కాలక్రమంలో అనే రకం నువ్వు. పరాయివాడికి పెరెగ్రీనుస్ అనే మాట స్థిరపడింది. దీనికి శత్రువే మిగిలాడు. అతిథిని హోస్పెస్ అంటారే, అదీ ఈ వేరులోంచి మొలిచిందే. హాస్పిటల్ దాని మనవరాలు. రాసుకున్నావా, దిక్కులు చూస్తున్నావా?”

“రాస్తున్నా, రాస్తున్నా.”

“కాఫీ చల్లారిపోతోందండీ. వాణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి.”

“పీల్చుకుంటే మాత్రం బుర్రకెక్కుతుందటే? విభక్తి రూపాలు చదవరా.”

“హోస్టిస్, హోస్టెమ్, హోస్టిస్, హోస్టీ, హోస్టె. బహువచనం హోస్టేస్. షష్ఠికి హోస్టుమ్...”

“ఏమన్నావ్?”

“హోస్టుమ్.”

“హోస్టియుమ్! ఆ ఇకారాన్ని అత్తారింట్లో మర్చిపోయి వచ్చావా? మా పెళ్ళిలోనే అనుకున్నాను, మీ ఇంట్లో తెలివంతా మీ అక్కకే ఇచ్చేశారని.”

“మధ్యలో నన్ను లాగకండి.”

“పొగిడానే!”

“మీ పొగడ్త కంటే తిట్టే నయం.”

“బావా, దిద్దేశాను. ప్రెస్సువాళ్ళు పీకల మీద కూచున్నారు. ఈ ఒక్క మాట దగ్గరే ఆగింది. మీరు సరేనంటే ఇవాళే ఇచ్చేస్తాను. లేకపోతే...”

“లేకపోతే?”

“నిఘంటువు అట్ట మీద మీ పేరు తీసేస్తామంటున్నారు.”

“తీసేయమను.”

“అదేంటి బావా! జీవితమంతా దానికే పోశారు కదా!”

“పోశాను కాబట్టే నీ అత్తెసరు చదువుకి సంతకం పెట్టను. కుదరలేదు, అంతే. వచ్చే ఆదివారం రా. వచ్చేప్పుడు బుర్ర కూడా తెచ్చుకో.”

“సరే. అక్కా, వెళ్ళొస్తా.”

“జాగ్రత్తరా. గేటు వేసి వెళ్ళు.”

“అదైనా సరిగ్గా వేస్తాడో లేదో.”

“వేశాడు, వెళ్ళిపోయాడు. ఇప్పుడు చెప్పండి, అంత అధ్వాన్నంగా ఉందా?”

“ఏది?”

“ఏదేమిటి? వాడు రాసింది.”

“కాఫీలో పంచదార ఎక్కువైంది.”

“మాట మార్చకండి. అట్ట మీద పేరు పోతుందంటున్నాడు. ఆ పేరు కోసమేగా మీరు కళ్ళు పోగొట్టుకున్నది?”

“అరవకే. బాగానే ఉంది. ఒకటీ అరా చిల్లర తప్పులు, దిద్దితే అయిపోయె. ఎప్పుడో కుదిరింది.”

“మరి సరే అనడానికేం రోగం?”

“అంటే పని అయిపోతుంది. అయిపోయాక ఆ శుంఠ మళ్ళీ ఈ గడప తొక్కుతాడా? వాడు కాక నాతో నాలుగు ముక్కలు మాట్లాడేవాడు ఇంకెవడున్నాడే?”

“తొక్కుతాడు. ఆ పుస్తకం పోయినేడాదే అచ్చయిందండీ, మీ పేరుతోనే. వాడు ఆదివారం ఆదివారం వచ్చేది మీచేత తిట్లు తినడానికే.”