ఫోను రాసిన ‘అవును’

‘ఆయ్’ అంటే అవుననేనా? తొమ్మిదేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. ఎస్.ఐ. సత్యవేణి గారు "ఎక్కడి నుంచి మొదలుపెట్టినా మీ ఇష్టమండీ" అన్నారు కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

నా పేరు పెమ్మరాజు భార్గవి. వయసు 44. చదువు ఎం.ఎస్సీ. ఫిజిక్సు. ఉండేది తాడేపల్లిగూడెం. 2005 నుంచి 2016 వరకు ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేశాను. ఇప్పుడు ‘చేతిలో ఫోను’ అనే యూట్యూబ్ చానల్ నడుపుతున్నాను. కొత్తగా వచ్చిన ఫోన్లను పరీక్షించి మంచీ చెడూ చెప్పడం నా పని. ఈ రోజు 2025 నవంబరు 14, శుక్రవారం. ఉదయం 10.40కి ఏలూరులో పోలీసు స్టేషన్లో కూర్చుని ఇది రాస్తున్నాను. చెబితే రైటరు గారు రాసుకుంటారన్నారు. నేను అన్నది ఇంకొకరు రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని నేనే రాస్తానని అడిగాను. ఒప్పుకున్నారు.

నా మీద ఫిర్యాదు ఇచ్చినది చలువాది రామనాథం గారు. ఏలూరు ఆర్.ఆర్. పేటలో ఫోన్ల షోరూము యజమాని. తాను ఒప్పుకోని తప్పును ఒప్పుకున్నట్టు చూపించి పరువు తీశానని ఆయన ఆరోపణ. ఆరోపణ నిజం. ఎలా జరిగిందో రాస్తాను.

2016లో రామనాథం గారికి తాడేపల్లిగూడెంలో చిన్న షాపు ఉండేది. నేను ఒక వారపత్రికలో ఫోన్ల గురించి రాసేదాన్ని. ఆయన ఒక ఫోను ఇచ్చి పది రోజులు వాడి చూడమన్నారు. చూసి, తిరిగి ఇచ్చేశాను. చార్జింగులో ఉన్నప్పుడు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతోందని, కొనవద్దని రాశాను. పత్రిక వచ్చిన మర్నాడు ఆయన ఫోను చేశారు.

"ఏవండీ మేడం గారూ, ఆ ఫోను మీకే వదిలెయ్యమన్నారు. నేను కుదరదన్నాను. ఆ కోపంతోనే ఇలా రాశారు" అన్నారు.

నేను "ఆయ్..." అన్నాను. ఆ తరవాత "అలా నేనెప్పుడన్నానండీ?" అన్నాను.

మా వైపు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డం రాకుండా ‘ఆయ్’ అంటాం. వింటున్నాను, చెప్పండి అని దాని అర్థం. అవును అనడానికి కూడా ‘ఆయ్’ అనే అంటాం. ఏది ఎప్పుడో గొంతును బట్టి తెలుస్తుంది. కాగితం మీద తెలియదు.

ఆ ఏడాది ఆగస్టు 20, శనివారం, ఆయన ఆ కాల్ రికార్డింగును మా కాలేజీకి ఇచ్చారు. అది నా ‘ఆయ్’ దగ్గర ఆగిపోయింది. తరవాతి మాట లేదు. 22, సోమవారం, ముగ్గురు సభ్యుల కమిటీ నన్ను పిలిచింది. నేను వెళ్లేసరికే బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. అందులో నా పేరు పక్కన ‘అవును’ అని ఉంది. చైర్మన్ గారిది ఈ ప్రాంతం కాదు. ఆయన్ని తప్పుపట్టను. ఇంకొకాయన మా వైపు భీమడోలు వారే. స్టాఫ్ రూములో మాటకు ముందొకటి, వెనకొకటి ‘ఆయ్’ అనే మనిషి. ఆయన కూడా చదివి సంతకం పెట్టారు. రాజీనామా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది. మడత దగ్గర చిరిగితే టేపు అంటించాను. టేపు పసుపురంగుకు తిరిగితే తీసేసి కొత్తది అంటించాను.

ఈ ఏడాది అక్టోబరు 27, సోమవారం, ఉదయం 11.30కి రామనాథం గారి షోరూముకు వెళ్లాను. ఆయనే పిలిచారు. ‘టెర్వో 9 అల్ట్రా’ అనే కొత్త ఫోను వచ్చింది, నా చానల్లో చూపించమని. ఫోనును జేబురుమాలుతో ముందూ వెనకా తుడిచి, రెండు చేతులతో అందించారు. బాదంపాలు తెప్పించారు.

"మనది పాత పరిచయమే కదండీ. అప్పట్లో మీరేదో కాలేజీలో చేసేవారు కదూ? మానేశారాండీ?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

"మంచి పని చేశారండీ. అక్కడుంటే ఇంత పేరొచ్చేదా మీకు?" అన్నారు.

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే మరిచిపోయారు. నేను బాదంపాలు పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఫోను తీసుకుని వచ్చేశాను. రైలు దిగేసరికి ఆయన్ని ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. ఏం చెయ్యాలో అప్పటికి తెలియదు.

ఫోనును పన్నెండు రోజులు పరీక్షించాను. ఈ పరీక్షల్లో ఒక్క అంకె కూడా నేను మార్చలేదు. ఇది విడిగా రాసుకోవాలని ఎస్.ఐ. గారిని కోరుతున్నాను. బరువు 226 గ్రాములు. డబ్బా మీద 219 అని ఉంది. అంచులు గుండ్రంగా ఉండి అరచేతికి గుచ్చుకోవు. వెనక కెమెరాల దిమ్మ ఒక పక్కకే ఉండడంతో బల్ల మీద పెట్టి టైపు చేస్తే ఫోను ఒక కాలు పొట్టైన పీటలా ఊగుతుంది. నవంబరు 1న మధ్యాహ్నం ఒంటిగంటకు కొల్లేరు గట్టు మీద ఎండలో నిలబడి చూశాను. తెర మీద చిన్న అక్షరం కూడా కనిపించింది. నలభై నిమిషాలు ఆపకుండా వీడియో తీస్తే వీపు 46 డిగ్రీలకు చేరింది. బ్యాటరీ ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా వచ్చింది. కెమెరా నేను చూసినవాటిలో చాలా మంచిది. కానీ దూరాన ఉన్న గూడబాతును బాగా దగ్గరికి లాగి తీస్తే, కంటికి కనపడని ఈకలను కూడా ఫోను తనే ఊహించి గీసేసింది. అందంగానే గీసింది. ఆ పక్షికి అవి ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు.

ఈ ఫోనులో కాల్ నోట్సు అని ఒక సదుపాయం ఉంది. మాట్లాడిన మాటలను తెలుగులో రాసి, చివర సారాంశం ఇస్తుంది. గోదావరి యాస కూడా అర్థమవుతుందని కంపెనీ ప్రకటన. నవంబరు 2న మాకు పాలు పోసే సుబ్బలక్ష్మికి కాల్ చేసి, ముందే చెప్పి పరీక్షించాను.

"సుబ్బలక్ష్మీ, నిన్నటి పాలల్లో నీళ్లు ఎక్కువయ్యాయి" అన్నాను.

"ఆయ్... ఎవరండీ బాబూ ఆ మాటన్నది! మా గేదె వింటే రేపట్నుంచి మీ వీధిలోకి రాదండీ" అంది.

ఫోను ఆమె పేరు పక్కన ‘అవును’ అని రాసింది. కింద సారాంశంలో ‘పాలలో నీళ్లు కలిపినట్టు సుబ్బలక్ష్మి అంగీకరించారు’ అని ఇచ్చింది. సాయంత్రం ఆమె వచ్చినప్పుడు చదివి వినిపించాను. "ఇదేం ఫోనండీ, నన్ను జైలుకి పంపేలా ఉంది!" అని పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్లాక నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లి 2016 నాటి కాగితం తీసి, ఫోను పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి.

ఫోనులో లోపం చూపించడానికి సుబ్బలక్ష్మి కాల్ ఒక్కటి చాలు. రామనాథం గారికి చేయనక్కరలేదు. చేశాను.

నవంబరు 6, గురువారం, ఉదయం 11.20కి చేశాను. కాల్ నోట్సు మొదలవగానే అవతలివారికి ఆ సంగతి చెప్పే ప్రకటన వినిపిస్తుంది. ఆయనకూ వినిపించింది.

"పరీక్ష చేస్తున్నారాండీ? చెయ్యండి చెయ్యండి. ఎలా ఉందండీ మన ఫోను? చేతిలో వెన్నముద్దలా లేదూ?"

"బాగుందండీ. వీడియో తీస్తే మాత్రం మీద అట్టు పోసుకోవచ్చండీ."

"మీరేం మారలేదండీ!" అని నవ్వారు.

"ఒక మాట అడగాలండీ. షాపులో అందరూ పట్టుకు చూసే డెమో ఫోన్లకు మళ్లీ సీలు వేసి కొత్తవిగా అమ్ముతున్నారు..." అని ఆగాను.

"ఆయ్..." అన్నారు.

"కొన్నవాళ్లకు ఆ సంగతి చెప్పట్లేదు..." అని మళ్లీ ఆగాను.

"ఆయ్, ఆయ్..."

"అని జనం అనుకుంటున్నారండీ."

"ఎవరండీ ఆ జనం? ముప్పై ఏళ్లబట్టి ఉన్న పేరండీ నాది!" అన్నారు.

తెలుగులో ‘అని’ చివర వస్తుంది. అది వచ్చేదాకా వాక్యం ఎటు తిరుగుతుందో వినేవారికి తెలియదు. ఫోను ఆగలేదు. నేను విరిచిన చోటల్లా ఒక వాక్యం ముగించి, ఆయన పేరు పక్కన ముందు ‘అవును’ అని, తరవాత ‘అవును, అవును’ అని రాసుకుంది. సారాంశంలో ‘డెమో ఫోన్లను కొత్తవిగా అమ్ముతున్నట్టు యజమాని అంగీకరించారు’ అని ఇచ్చింది. నేను కావాలనే విరిచాను. ఎక్కడ విరవాలో ముందు రోజు కాగితం మీద గీత పెట్టుకున్నాను.

జనం ఎవరూ అలా అనుకోలేదు. ఆ మాట నేనే కల్పించాను.

ఇక్కడిదాకా రాసిన పేజీలు ఎస్.ఐ. గారు చదివారు. "కల్పించానన్నది రాయాలాండీ? ఒకసారి ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకునే రాశానండీ అన్నాను.

నవంబరు 8, శనివారం, ఉదయం పది గంటలకు నలభై సెకన్ల వీడియో పెట్టాను. అందులో ఫోను రాసిన అక్షరాలు మాత్రమే చూపించాను. గొంతు వినిపించలేదు. ‘షోరూము యజమాని ఒప్పుకున్నారా?’ అని పేరు పెట్టాను. 10, సోమవారం, ఉదయం పది గంటలకు పూర్తి రివ్యూ పెట్టాను. అందులో సుబ్బలక్ష్మి కాల్, రామనాథం గారి కాల్ మొత్తం వినిపించి, ఫోను తప్పు రాసిందని, ఆయన ఏదీ ఒప్పుకోలేదని చెప్పాను. ఈ రెండూ శుక్రవారం మధ్యాహ్నానికే సిద్ధంగా ఉన్నాయి. పూర్తి వీడియో కూడా శనివారమే పెట్టవచ్చు. పెట్టలేదు. శనివారం నుంచి సోమవారం దాకా. 2016లో నాకు ఇచ్చినంతే ఇచ్చాను.

ఆ రెండు రోజుల్లో షోరూము ముందు జనం గుమిగూడారు. తలుపు అద్దం పగిలింది. కంపెనీవారు తమ బోర్డు తీయించేశారు. ఇవన్నీ నేను ఇంట్లో కూర్చుని జనం పెట్టిన వీడియోల్లో చూశాను. బోర్డు దింపే వీడియో నాలుగుసార్లు చూశాను. నాకు సంతోషం కలిగింది. ఆ రోజు అన్నం కూడా రుచిగా ఉంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి రామనాథం గారి భార్య వెంకటనరసమ్మ గారు ఫోను చేశారు.

"అమ్మా, నువ్వు చదువు చెప్పినదానివి. మా ఆయన నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదమ్మా. ఆయన అలా అన్నారంటే నేన్నమ్మను. అసలేం జరిగిందో నువ్వే చెప్పు తల్లీ" అన్నారు.

"ఆయ్" అన్నాను. జరిగింది చెప్పలేదు. ఆవిడ ఫోను పెట్టేశారు. 2016లో నేనూ తినలేదు. నా కోసం ఎవరూ ఎవరికీ ఫోను చేయలేదు.

సోమవారం వీడియోను శనివారం నాటిది చూసినవారిలో పదోవంతు మంది కూడా చూడలేదు. అలా అవుతుందని నాకు ముందే తెలుసు.

నిన్న ఇదే స్టేషన్లో బల్ల మీద రామనాథం గారు నా పక్కన కూర్చున్నారు. గడ్డం గీసుకోలేదు. "ఆ కాలేజీ సంగతేనాండీ? కోపంలో చేశానండీ. ఉద్యోగం తీసేస్తారనుకోలేదు. తప్పేనండీ, ఒప్పుకుంటున్నా" అన్నారు. ఈ మాట కోసమే తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాననుకునేదాన్ని. విన్నాక మళ్లీ ఒకసారి అనిపించుకోవాలనిపించింది. నా తప్పు ఒప్పుకుంటూ ఇంకో వీడియో పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు. ఎస్.ఐ. గారు ఈ రోజు వరకు గడువు ఇచ్చారు.

ఆయనకు తెలియనిది ఒకటి ఉంది. 11, మంగళవారం, ఉదయం తొమ్మిదింటికి గణపవరం దగ్గర చేపల చెరువులు చేసే ఏసుబాబు గారు శనివారం నాటి వీడియో చూసి మా ఇంటికి వచ్చారు. "మీరు చెప్పింది నిజమేనండీ అమ్మగారూ" అని తన ఫోను ఇచ్చారు. అది టెర్వో కాదు, వేరే కంపెనీది. రామనాథం గారి షోరూములో అక్టోబరు 12న కొన్నది. బిల్లు ఉంది. అందులో సెప్టెంబరు 26న తీసిన మూడు ఫొటోలు ఉన్నాయి. ఒకదానిలో ఎవరో ఆడమనిషి గాజుల చెయ్యి. ఒకదానిలో సీలింగు. మూడోదానిలో షోరూము కౌంటరు, అటు తిరిగి నిలబడ్డ రామనాథం గారి వీపు.

"సీలు నా గోరుతో నేనే తీశానండీ. ఈ బొమ్మలు కంపెనీవాళ్లు నమూనాకి పెట్టారేమో అనుకున్నానండీ" అన్నారు ఏసుబాబు గారు.

డెమో ఫోనునే అమ్మి ఉండవచ్చు. ఎవరికో చూపించడానికి విప్పిన డబ్బాను సేల్సువాళ్లు మళ్లీ మూసి ఉండవచ్చు. యజమానికి తెలిసి ఉండవచ్చు, తెలియకపోవచ్చు. ఒక్క ఫోనుతో తేలేది కాదు. ఫిజిక్సు చదివినదాన్ని, అంతవరకు చెప్పగలను.

ఏసుబాబు గారి అనుమతితో ఆ మూడు ఫొటోల ప్రింట్లు, బిల్లు నకలు దీనికి జతచేశాను. విచారణ చేయమని కోరుతున్నాను. రాజీ వీడియో పెట్టను. పెడితే ఆయనలో ఏ తప్పూ లేదని నేను చెప్పవలసి వస్తుంది. అది ఇప్పుడు నాకు తెలియదు. నా తప్పు మాత్రం పైన రాసినదే. ఏసుబాబు గారి ఫోను వల్ల అది తగ్గదు. నేను ఆ మాట కల్పించిన రోజున నాకు ఆ ఫోను సంగతి తెలియదు.

ఈ ఆరు పేజీలు నా చేతితో, నా ఇష్టంతో రాశాను. ఎవరూ చెప్పి రాయించలేదు. కొట్టివేసిన రెండు చోట్లా పొట్టి సంతకం చేశాను. నాకు తెలిసినంతవరకు ఇందులో అబద్ధం లేదు. ఎస్.ఐ. గారు చివరిగా అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేకపోతున్నాను. విచారణలో ఆయన తప్పు తేలాలని ఉందా, తేలకూడదని ఉందా అని అడిగారు. తేలితే ఆయన తన తప్పుకే పడిపోయినట్టు, నేను పగ తీర్చుకున్నట్టు కాదు. తేలకపోతే ఆయన నాకు చేసిందే నేను ఆయనకు చేసినట్టు. ఈ రెంటిలో నాకు ఏది కావాలో నాకు తెలియదు.

(సంతకం)
పెమ్మరాజు భార్గవి
14-11-2025, మధ్యాహ్నం 1.15