తుడిస్తే పోయే మురికి

హలో… ఆ, నేనే… కాదు, నీ పెళ్ళాం కాదు, దాని అక్కని. ఫోన్ దానిదే, ఎత్తింది నేను.

…

దానికి చేతులు ఖాళీ లేవు. బండి తోముతోంది.

…

ఏ బండేంటి మరిదీ. పెళ్ళికి ముందు అది సొంత జీతంతో కొనుక్కున్న మోటార్ సైకిలు. పెళ్ళయ్యాక నువ్వు ముందెక్కి దాన్ని వెనక కూర్చోబెట్టావే, అదే. కారు కొన్నాక బాత్రూం గోడ పక్కన వానకి వదిలేశావు చూడు, ఆ బండి. నీ ఇంట్లోంచి వచ్చేసేటప్పుడు బట్టల సంచీ, ఆ బండి తప్ప ఇంకేం తెచ్చుకుంది అది?

…

అరవక్కర్లేదు, వినపడుతోంది.

…

నవ్వెందుకు?… తుప్పు ముద్దా. నీకు అలాగే కనపడుతుందిలే.

…

ఎలా పోతుందంటే… నీకు చెప్పడం దండగే కానీ, విను. ముందు సబ్బునీళ్ళతో కడగడం. ఆరాక, తిండి చుట్టుకునే ఫాయిల్ కాగితం ఉంటుంది కదా, అది ఉండలా నలిపి, నీళ్ళలో ముంచి, మెల్లగా రుద్దడం. తుప్పు బురదలా కారుతుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ రుద్దడం, ఆ తర్వాత పాలిష్—

…

ఇనప పీచా? పీచుతో రుద్దితే గీతలు పడవూ? నువ్వు ఊరుకో. నీ సలహాలు వినే ఈ గతి పట్టింది దానికి.

…

బండికే అన్నాను. నువ్వెవరికి అనుకున్నావు?

…

సైలెన్సర్ అయిపోయింది. హ్యాండిల్ అయిపోయింది. హెడ్‌లైటు చుట్టూ ఉన్న రింగులో నా మొహం కనపడుతోంది, ముడతలతో సహా. పొద్దున్నుంచీ ముందు మడ్‌గార్డు దగ్గరే కూర్చుంది. ఎందుకో తెలుసా? దానికి నువ్వు వెండి రంగు కొట్టావుగా.

…

బాగుచేద్దామని. అబ్బో.

…

తుప్పు కనపడకుండా. సరే. గుడ్డ థిన్నర్‌లో ముంచి నీ రంగంతా వలిచేసింది. కింద ఏముందనుకున్నావు?… కాదు… అదీ కాదు. తుప్పు లేదు నాయనా. మెరిసే క్రోము పూత ఉంది, నిక్షేపంలా. పైన ఇంత దుమ్ము, ఇంత జిడ్డు. తడిగుడ్డతో తుడిస్తే పోయే మురికి. గుడ్డ తడపడానికి ఒళ్ళు వంగక డబ్బాడు రంగు పూసేశావు. పోనీ అదైనా తిన్నగా పూశావా, సగం టైరు మీద, సగం బోల్టుల మీద.

…

నాకేం తెలుసంటావా. ఏం తెలీదు. కళ్ళున్నాయి, చూశాను.

…

సర్‌ప్రైజా. దాని పుట్టినరోజుకి.

…

చెప్పింది, చెప్పింది. రంగు బ్రష్షు సింకులో పడేసి నిద్రపోయావనీ చెప్పింది. పుట్టినరోజు పూట ఆ బ్రష్షు కడుక్కుంది కూడా అదేనట.

…

మారిపోయావు. ఆ ముక్క మీ అమ్మగారు ఫోన్ చేసి చెప్పారు. మీ అన్న చెప్పాడు. ఇప్పుడు నువ్వు. ఇంటిల్లిపాదీ బాగానే బట్టీ పట్టారు. నా చెవిలో పువ్వులు పెట్టకు.

…

ఏడుస్తున్నావా?

…

జలుబా. సరే.

…

లేదు, రానని అనలేదు. వస్తాననీ అనలేదు. అడిగిన ప్రతిసారీ ఇంకో గుడ్డ తీసుకుని అవతలి పక్కకి వెళ్ళి కూర్చుంటోంది. ఏం చెప్పమంటావు?

…

నేనెందుకు అడ్డుపడతాను? నువ్వంటే నాకు గిట్టదు, అది వేరే సంగతి. కానీ రాత్రిళ్ళు పక్కమీద అటూ ఇటూ దొర్లుతోందయ్యా నా చెల్లెలు. నీ దగ్గర సుఖంగా ఉంటుందంటే నేనే తీసుకొచ్చి దింపనూ.

…

ఉండు, ఏదో అంటోంది. ఏంటే?… ఆ… నిజంగానా?… సరే, చెప్తా.

మరిదీ, ఉన్నావా? నీ అదృష్టం పండింది. నిన్ను రమ్మంటోంది.

…

ఇవాళే. సాయంత్రం రా, కూర్చుని మాట్లాడుకుందామంటోంది. అప్పుడే చంకలు గుద్దుకోకు, పూర్తిగా విను. వస్తూ వస్తూ బండి కుడివైపు అద్దం పట్టుకురమ్మంటోంది. నువ్వు ఊడదీసి బాత్రూంలో తగిలించుకున్నావట కదా. అదొక్కటీ బిగిస్తే బండి పూర్తవుతుందట.

…

అంతే. ఇంకేం అడగలేదు. నాకైతే నీకు ఇంత చవగ్గా ఇంకో అవకాశం ఇవ్వడం ఇష్టం లేదు, దాని ఇష్టం. ఉండు, స్పీకర్‌లో పెడుతున్నా. తెస్తానని నీ నోటితోనే చెప్పు.

…

ఏంటీ?

…

గడ్డమా?

…

అద్దం ఇచ్చేస్తే రేపు గడ్డం ఎలా గీసుకోవాలి అంటున్నావు.

…

తమాషాకి అనలేదు నువ్వు. నాకు తెలుసు. దానికీ తెలుసు.

…

వినకుండా ఎలా ఉంటుంది, పక్కనే ఉంటే.

…

గుడ్డ కింద పెట్టింది… నవ్వుతోంది… కాదు, ఏడుపు కాదు, నవ్వే. ఇక్కడికొచ్చాక ఇదే మొదలు.

…

ఇక మీరు రావక్కర్లేదట. అద్దం కొత్తది కొనుక్కుంటుందట. ఆ పాతది మీరే ఉంచుకోండి మరిదిగారూ. పెట్టేస్తున్నా.