హారను మాత్రం తియ్యొద్దు

ప్రొద్దుటూరులో మెకానిక్ సాలోమోను షెడ్డు. బట్టల వ్యాపారి గౌస్ మొహిద్దీన్ చేతిలో ఆ ఉదయానికి ఉన్నవి: చౌకగా కొన్న సుమో ఒకటి, దాని పుణ్యమా అని వసూలైన పాత బాకీలు, పులివెందుల నుంచి పురుటికి తెచ్చుకోవలసిన ఒక్కగానొక్క కూతురు.

“కమాను పట్టీలు మార్చమంటే తలుపులు ఊడబీకి పెట్టినావేంది సాలోమోనూ?”

“పట్టీలు ఎందుకు ఇరిగినాయో సూడాల గదా మామా. ఆ తలుపు ఒకసారి ఎత్తి సూడు.”

“నాతో యాడైతాది... అబ్బా. ఇదేంది, ఇంత బరువుండాది?”

“లోపల ఇనప రేకుంది. నాలుగు తలుపులకీ, డిక్కీకీ. నాటుబాంబు ఏసినా లోపలికి రాదు. ఆ బరువుకే నీ పట్టీలు పొయినాయి.”

“రేకుందని నీకెట్ల తెల్సు?”

“నేనే ఏసినా. జమ్మలమడుగు ఎర్రంరెడ్డి ఇదో ఈడ కుర్చీ ఏసుకొని కూచోని, దగ్గరుండి ఏపిచ్చుకొన్యాడు.”

“ఇంత కతుంటే, నేను కొనేటప్పుడు చెప్పలేదే?”

“ఇంజను సూడమంటివి, సూసినా. తలుపులు సూడమన్యావా?”

“మాటలకేం తక్కువ లేదు నీకు.”

“నువ్వు మాత్రం తెలీకనే కొన్యావా మామా? ఎర్రంరెడ్డి జైలుకు పోతే ఆయప్ప పెండ్లాం బండిని సగం ధరకు ఇడిసిపెట్టింది. జమ్మలమడుగులో దుడ్లుండేటోళ్ళు అంతమందుండారు, ఒగడన్నా ముట్టినాడా? సగం ధర ఎందుకని నువ్వడగలే, వాళ్ళు చెప్పలే.”

“అడిగితే ధర పెరుగుతాదప్పా. సరే, మరమ్మత్తుకు ఎంతైతాది చెప్పు.”

“పట్టీలకైతే మూడు వేలు. కానీ నా మాటిని అంతా చేపిచ్చు. రేకులు తీస్తా. ముందరుండే ఆ ఇనప బంపరు కోసేస్తా. నల్ల ఫిల్ము పీకేస్తా. తెలుపు తీసి వేరే రంగేస్తా. హారను మారుస్తా. ఇరవై ఐదు వేలు.”

“ఇంజను బాగుందంటివి గదా, ఇరవై ఐదు వేలు దేనికి?”

“ఇంజనుకు గాదు మామా. ఇది ఎర్రంరెడ్డి బండి గాదని జనానికి తెలియాల. దానికి.”

“జనం సంగతి నాకెందుకు? పట్టీలొక్కటీ మార్చు.”

“మామా, ఒక మాటిను—”

“సరే సరే. బంపరు కోయి. ఫిల్ము గూడ పీకు, లోపల కూచుంటే ఊపిరాడదంటాంది మా ఇంటిది జరీనా. రేకులు తీసినావంటే ఆ ఇనుము నాకే ఇయ్యాల, తూకానికి ఏసుకుంటా. హారను మాత్రం తియ్యొద్దు.”

“హారనే ముందు తియ్యాల.”

“వద్దంటాండా గదా.”

“ఎందుకొద్దు?”

“మంచి హారను. బాగుండాది.”

“మూడు గొంతుల హారను. ఆంబోతు రంకేసినట్ల ఉంటాది. దాంట్లో బాగుండేదేంది?”

“ఉండనీప్పా.”

“ఉండనీ అంటే కుదరదు. ఎందుకో చెప్పు.”

“నువ్వొక పట్టాన ఇడిసిపెట్టవు. సాలోమోనూ, జమ్మలమడుగు అవతల పల్లెల్లో నాకు ఎన్నేండ్ల బాకీలుండాయో నీకు తెల్సు. పెండ్లిండ్లకు గుడ్డలు తీసకపోతారు, పత్తి అమ్మినాంక ఇస్తామంటారు. పత్తి అమ్ముతారు, ఇయ్యరు. స్కూటరు మీద పోతే మంచినీళ్ళు గూడ ఇచ్చేటోళ్ళు గాదు.”

“ఊ.”

“ఈ బండి కొన్నాంక పోతి. ఊరి ముందర నిలిపి హారను కొడ్తి. దిగను గూడ దిగలేదు. ఒగని యెంబడి ఒగడు వచ్చి, కిటికీలో నుంచి దుడ్లిచ్చి పొయినారు. ఒగాయప్ప వడ్డీ గూడ ఇచ్చినాడు. నేనడగలే.”

“వాళ్ళిచ్చింది నీకు గాదు మామా. ఎర్రంరెడ్డికి.”

“ఎవురికిస్తేనేం, పడింది నా జేబులో గదా.”

“నువ్వు ఎర్రంరెడ్డి మనిషివైనావని అనుకున్యారు.”

“అనుకోనీ. నేనైతే చెప్పలేదు గదా. ఐనాననీ అన్లేదు, కాలేదనీ అన్లేదు.”

“ఈ పక్క ఎవురి బండెక్కితే వాళ్ళ పార్టీ మామా. వేరేగా పేరు రాపిచ్చుకునే పనుందా? నీకు నేను చెప్పాల్నా?”

“నా అంగడికి రెండు పార్టీలోళ్ళూ వస్తారు. ఇద్దరికీ ఒగే ధర.”

“వస్తారు గాదు. మొన్నటిదాంక వస్తాండ్రి. ఈ నెల్లో పులివెందుల దిక్కునుంచి, అవతలి పార్టీవోళ్ళు ఎంతమంది వచ్చినారు?”

“పండగల్లేవు, పెండ్లిండ్లు లేవు. అందుకే రాలేదు.”

“సరే, నీ ఇష్టం. రేపు పులివెందులకు దేంట్లో పోతాండావు?”

“దీంట్లోనే. మున్నీకి తొమ్మిదో నెల పడింది. తొలికాన్పు, పిల్చుకొచ్చుకోవాల. ముద్దనూరు దోవంతా గుంతలు. సుమో అయితే ఒళ్ళు కదలకుండా వస్తాది. ముందర సీట్లో కూచోబెడ్తా.”

“ముద్దనూరు దాటినాంక ఎవురి పల్లెలుండాయో మర్చిపొయినావా? ఎర్రంరెడ్డి మీద కేసు పెట్టింది ఏ ఊరోళ్ళు?”

“తెల్సులే.”

“రోడ్డు ఆ ఊరి నడిమధ్యన పోతాది. ఈ హారను వాళ్ళు శానా దినాలై ఇనలేదు. ఇంటే ఏమనుకుంటారో సూసుకో.”

“హారను కొట్టకుండా పోతా.”

“ఎనుములు అడ్డమొస్తే?”

“దిగి తోలుతా. ఏందప్పా నీ గోల? పోనీ పక్కంగడి సర్దార్ జీపు అడుగుదాం.”

“సర్దార్ బామ్మర్ది అవతలి పార్టీలో తిరుగుతాండాడు. ఆ జీపెక్కినావంటే, నీకు బాకీలిచ్చినోళ్ళు తిరిగి అడగను వస్తారు.”

“తూ. ఈ జిల్లాలో ఏ పార్టీదీ కాని బండి ఒగటన్నా ఉందా?”

“టాక్సీ స్టాండులో పాత అంబాసిడరుంది. బాడిగ ఇచ్చినోడిదే అది. దాన్ని మాట్లాడుకోని పో.”

“సొంత బండి పెట్టుకొని బాడిగెందుకు? పోనూ రానూ ఇయ్యాల, నిలబెట్టినందుకు వేరే ఇయ్యాల, డ్రైవరుకు తిండి పెట్టాల. నేనేమన్నా కొట్లాటకు పోతాండానా? బిడ్డను పిల్చకరాను పోతాండా.”

“నీతో చెప్పగూడదనుకున్యా మామా. నిన్న ఈడికి ఇద్దరొచ్చినారు.”

“ఎవురు?”

“తెలీదు. మోటారు సైకిల్లో వచ్చిరి. నాతో టీ తాగిరి. సుమో ఏ పొద్దు బయటికొస్తాదని అడిగిరి.”

“నువ్వేమంటివి?”

“సామాన్లు కర్నూలు నుంచి రావాల, వారం పడతాదంటి. అబద్ధమే. నోటికొచ్చింది చెప్పినా.”

“కొనేటోళ్ళేమోప్పా. నాలుగు రాళ్ళు మిగుల్తాయంటే అమ్మేద్దాం.”

“కొనేటోడు ధర అడుగుతాడు మామా. వీళ్ళు దీంట్లో ఎవురెవురు కూచోని పోతారని అడిగిరి.”

“ఎవురెవురని?”

“ఔ.”

“ముందర సీట్లో ఎవురని గూడ అడిగినారా?”

“అడిగిరి.”

“ఏం చెప్తివి?”

“నాకేం తెల్సు అంటి. అప్పటికి తెలీదు గదా.”

“ఆ సీట్లో కూచునేది బిడ్డ గదప్పా.”

“మామా. ఏందట్ల నిలబడినావు? ఆ స్టూలు మీద కూచో.”

“తియ్యి సాలోమోనూ. అన్నీ తియ్యి. హారను ముందు తియ్యి.”

“రంగు ఏమెయ్యాల?”

“ఏదో ఒగటెయ్యి. తెలుపు వద్దు. ఇరవైకి చెయ్యి.”

“ఇంగా బేరమేనా?”

“అలవాటు లేప్పా. ఇరవై ఐదే ఇస్తా. ఆ అంబాసిడరోనికి కబురు పంపు. రేపు పొద్దున్నే రమ్మను. ఎంతడిగినా సరేనను.”

“పంపుతా. అదో, జరీనత్త వస్తాంది. ఏందో శానా బిర్నా, ఉరికినట్ల నడుస్తాంది.”

“మున్నీకి ఫోన్ చేసొస్తానని పోయిండె. ఏం జరీనా, రేపు వస్తాండామని చెప్పినావా?”

“కొన్ని నీళ్ళియ్యి సాలోమోనూ.”

“ఇదో అత్తా. కూచో ముందు.”

“సుమో వద్దులే జరీనా, టాక్సీలో పోదాం. బండి కొన్నప్పట్నుంచీ నువ్వు అంటానే ఉండావు గదా, ఇది మనకు ఎందుకని. నీ మాటే గెల్సింది. సంతోషమేనా?”

“ఏ బండీ వద్దు మున్నీ అబ్బా.”

“ఏం, నొప్పులొచ్చినాయా?”

“నొప్పుల్లేవు.”

“మరేంది? చెప్పు, నాన్చకుండా.”

“అల్లుని అంగట్లో నుంచి మాట్లాడింది. యెనక మొగోళ్ళ గొంతులు ఇనబడతాండాయి. ఎర్రంరెడ్డి సుమోలో తిరిగే ప్రొద్దుటూరు సాయిబు నీకేమైతాడని అల్లున్ని అడుగుతాండారు. నాకేమీ కాడు, నాకు మామే లేడు అంటాండాడు.”

“అంతమాటన్యాడా వాడు? వాని అంగడికి మొదటి సరుకు ఇప్పిచ్చింది ఎవురు?”

“ఊరుకో. అంగడి నిండా వాళ్ళే ఉంటే ఆ పిల్లోడు ఏమనాల?”

“మున్నీ ఏమన్యాది?”

“మొదలు నాకు అర్థమే కాలేదు. బిడ్డ నవ్వతా మాట్లాడతాంది. నేను రేపటి మాట ఎత్తబోతి. ఎత్తనియ్యలే. వాళ్ళకు ఇనబడేట్ల గట్టిగా అన్యాది, అమ్మీ, ఇద్దత్ అయిపోయింది గదా, ఇంగ నువ్వు బయటికి రావొచ్చు గదా, పురుటికి నువ్వే ఈడికొచ్చెయ్యి అని.”

“అట్ల అన్యాదా? మున్నీనా?”

“మున్నీనే.”

“ఇద్దత్ అంటే ఏందత్తా?”

“ఆయన్నడుగు సాలోమోనూ.”

“ఏంది మామా?”

“మొగుడు సచ్చినాంక ఆడది ఇల్లు కదలకుండా కూచోవాల్సిన నెలలు.”

“మామా...”

“నువ్వేమంటివి జరీనా?”

“ఏమనాల? అయిపోయిందమ్మా, ఒక్కదాన్నే వస్తా, బస్సులో, అంటి.”