తెరుచుకోని మూడో బ్లాకు

జైలు మూడో బ్లాకులో ఖైదీలు ఒక వార్డరును చావబాదుతున్నారు. గేటు బయట చిక్కుకుపోయిన అతని అన్న, తనూ వార్డరే, గోడ ఫోనులో అరుస్తుంటే కంట్రోలు రూములో నెట్‌వర్క్ ఇంజనీరు కీబోర్డు మీదికి వంగింది.

“గేటు తియ్యి తల్లీ, తమ్ముడి తల పగిలింది.”

“వైఫై పెట్టెల్ని నడిపే పెద్ద కంట్రోలర్ కాలిపోయిందన్నా. దాని బదులు స్టాండ్‌బై అందుకుంది గానీ, దానికున్న లైసెన్సు సగం వైఫై పెట్టెలకే సరిపోతుంది. మీ బ్లాకు పెట్టెల్ని రానివ్వట్లేదు. అవి లేకుండా తాళానికి సిగ్నల్ అందదు.”

“వాణ్ణి గోడకేసి కొడుతున్నారమ్మా.”

“ఆఫీసు పెట్టెలన్నీ తీసేస్తున్నా. ఆ ఖాళీలోకి మీవి వస్తాయి... వచ్చేశాయి. తాళం తీశా, తొయ్యి.”

గేటు భళ్ళున తెరుచుకుంది. అతను అక్కడ వదిలేసిన రిసీవరులోంచి ఆమెకు లాఠీ దెబ్బలు, ఎముక విరిగిన చప్పుడు, ఎవరిదో మూలుగు వినిపించాయి.

“అన్నా, తమ్ముడెలా ఉన్నాడు?” ఆమె గొంతు చించుకుంది.

“ఊపిరుంది. వీళ్ళని మాత్రం వదలను,” గేటు లోపలి నుంచి అతను అరిచాడు.

“ముందు వాణ్ణి బయటికి తీసుకురా. మీ వెనక గేటు నేను మూస్తా.”

దెబ్బలు ఆగలేదు.

“వాణ్ణి ఒక్క చేత్తో ఎత్తలేవన్నా.”

కాసేపటికి లాఠీ నేల మీద పడిన చప్పుడు ఆమెకు వినిపించింది.