మూడు దినాల పాఠం

ఆళ్లగడ్డ బస్టాండు పక్క పీరా టీ అంగట్లో, లారీ నేర్పే ఓబులేసు బెంచీ ఎక్కాడంటే పనులున్నవాళ్లు కూడా పనులు మరచిపోతారు. ఆ పొద్దు గడివేముల నుంచి వచ్చిన సంజీవయ్య మూలన కూచుని వింటున్నాడు. ఆయన కొడుకు మత్తయికి లారీ నేర్పింది ఈ ఓబులేసే. ఏడాది కింద నల్లమల ఘాట్లో లారీ లోయలో పడి మత్తయి పోయాడు. వాడికి ఘాట్ దిగడం నేర్పాడా లేదా, ఆ ఒక్క మాట అడగాలని తండ్రి వచ్చాడు. ఓబులేసు ఆయన మొగం ఎరగడు.

“మనిషిని బట్టి పాఠమప్పా! మందబుద్ధికి నెల, తెలివైనోనికి వారం. పాణ్యం షావుకారు ఒగాయన క్లచ్చి తొక్కమంటే బ్రేకు తొక్కుతాడు. చెప్పు లేని కాలుది క్లచ్చి అని ఎడమకాలికి చెప్పు ఇడిపించినా. పది దినాల్లో నంద్యాల సంత నడిమధ్యలో బండి తోలినాడు, ఒగ కోడిపిల్ల చావలే!”

“కోళ్లే జరిగింటాయిలే,” అన్నాడు పీరా.

“నవ్వు, నవ్వు. కండ్లు లేని తాత ఒగాయన వచ్చినాడు. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? ఇంజను సద్దు ఇని గేరు మార్చేది నేర్పినా. కర్నూలు దాకా పోయొచ్చి, నా ముందర బండి నిలిపి, ‘ఓబులేసూ, నీ చొక్కా మాసింది’ అన్న్యాడు!”

అందరూ నవ్వారు. సంజీవయ్య టీ చల్లారిపోయింది.

“వీళ్లంతా ఒగెత్తు, గడివేముల మత్తయి ఒగెత్తు! మూడే దినాలు. నీకు ఘాట్ పాఠమెందుకురా అని లోడుబండి ఇచ్చి పంపిస్తి. పులి అడ్డమొస్తే హారను కొట్టినాడంట, పులే దారిచ్చి పక్కకు పాయ! ఇప్పుడు బొంబాయిలో యాభై లారీలకు ఓనరు. నెలనెలా జాబు రాస్తాడు.”

“జాబులో ఏం రాస్తాడప్పా?” అడిగాడు సంజీవయ్య.

“అంతా నీ చలువే గురువా అని.”

“నేను వాని నాయన్ను. వాడు ఆ ఘాట్ దిగనే లేదు.”

ఓబులేసు తల వంచుకున్నాడు.

“తెల్సు పెద్దాయనా. తెల్సే, దినామూ వాన్ని మాటల్లోనన్నా బొంబాయికి పంపిస్తాండా.”

సంజీవయ్యకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. కండువాతో మొగం తుడుచుకుని లేచాడు.

“మేము కోడెకు కాడి మప్పాలంటే ముసలెద్దు పక్కన నెల దినాలు కడతామప్పా. ఎంత చురుకైన కోడెనైనా, మిట్ట దిగేది నేర్పకుండా బరువు బండికి కట్టం.”