పట్నం నుంచి తెచ్చిన ఫోటువ

(1972, పుష్యమాసం. ఎడపల్లిలో చెరుకు బండి తోలే సిద్దిరాములు ఇల్లు. ఊపిరితిత్తిలో పుట్టిన కేన్సరుకు పట్నంలో కరెంటు (రేడియేషన్) పెట్టించుకొని రెండు నెలలైంది. మళ్లీ చూపించి, కొడుకు లక్ష్మీరాజం ఆయనను ఇప్పుడే ఇంటికి తెచ్చాడు. ఆయన లోపల పడుకున్నాడు. వాకిట్లో లక్ష్మీరాజం, తండ్రిని చూసుకోవడానికి బాల్కొండ అత్తగారింటి నుంచి వచ్చి ఉన్న అక్క రాధాబాయి.)

"బాపు పండుకున్నడు గదా, ఇగ చెప్పు. ఏమన్నడు డాక్టరు?"

"ముందుగాల చెంబెడు నీళ్లియ్యక్కా. బస్సుల దుబ్బ మింగి మింగి గొంతు ఎండుకపోయింది."

"ఇగో, తాగు. ఎక్స్‌రే ఫోటువ తీసిండ్రా?"

"తీసిండ్రు. ఒకటి రొమ్ముది. ఇంకోటి... నడుముది."

"నడుముది ఎందుకు? రోగం రొమ్ముల గదా?"

"నడుం గుంజుతుందన్నడు గదా బాపు. అందుకే. ఊకెనే."

"ఊకెనే తీస్తరారా? పట్నంల ఊకెనే ఫోటువలు తీస్తరా?"

"అట్ల ఒర్రకు. లోపటికి ఇనవడ్తది."

"సరే, మెల్లగనే అడుగుతున్న. ఆ గడ్డ కరిగిందా లేదా?"

"చిన్నగయింది. డాక్టరు దీపం ముంగట పెట్టి చూపిచ్చిండు. అప్పుడు జామపండంత ఉండె, ఇప్పుడు రేగ్గాయంత."

"నిజమా?"

"నిజమక్కా. ఆ మాటైతే నిజం."

"ఎల్లమ్మ తల్లీ! గింత మంచి మాట చెప్పెతందుకు గంత సేపా? నీ మొఖం జూసి నా పానం జల్లుమన్నది. బాపు ఏమన్నడు?"

"నవ్విండు. నర్సమ్మతోని ముచ్చట్లు వెట్టిండు. మా దిక్కు బెల్లం తినాలె బిడ్డా, చక్కెర ఎందుకు పనికొస్తది అన్నడు. నిజామాబాదు బస్టాండుల దిగంగనే మిర్చీలు కావాలన్నడు, కొనిచ్చిన."

"మిర్చీలా? నీకు తెలివుందా? దగ్గు లేస్తది గదా!"

"డాక్టరే చెప్పిండు. ఏదడిగితే గది పెట్టుమన్నడు."

"అన్ని తినొచ్చన్నడా! మొన్నటిదాక ఉప్పు కారం బంద్ అన్నడు గదా. అయితే మస్తు నయమైనట్టేరా."

"ఇంకిన్ని నీళ్లు పొయ్యక్కా."

"రాజం, ఒక్కటి అడుగుత. వేరే దిక్కు పాకలేదు గదా?"

"వాళ్లల్ల వాళ్లు ఇంగ్లీషుల మాట్లాడుకున్నరు. నాకేమెరుక?"

"ఎరుక లేకుంటె అడగవద్దా?"

"అడిగిన."

"అడిగితే?"

"నొప్పికి గోలీలిచ్చిండ్రు. పొద్దుకు రెండు."

"మళ్ల ఎప్పుడు రమ్మన్నరు?"

"రమ్మనలే."

"ఏంది?"

"ఇగ ఇక్కడిదాక తిప్పకుండ్రి, అక్కర లేదు అన్నరు."

"అక్కర లేదన్నరా? గది ముందుగాల చెప్పవేందిరా! పోయినసారి రెండు నెలలకు రమ్మన్నోళ్లు ఇప్పుడు అక్కరనే లేదన్నరంటె... బతికినం రా, బతికినం. అయితే నేను రేపు పోత."

"యాడికి?"

"యాడికేంది, మా ఇంటికి. మీ బావ మూడుసార్లు కబురు పంపిండు. పసుపు తవ్వెతందుకు కైకిళ్లు దొర్కుత లేరట. దగ్గు ఇంట్ల వద్దని నా పిల్లను మా అత్త ఉంచుకున్నది గదా, అదిప్పుడు కన్నతల్లిని నన్ను మరిచి మా అత్తనే అవ్వా అంటుందట."

"రెండొద్దులు ఉండరాదు?"

"నయమైనంక గూడ ఇక్కడ్నే ఉంటే మా అత్త ఊకుంటదా? ఉగాదికి వస్త. పిల్లను గూడ తోల్కొస్త. బాపు అప్పటికి లేచి తిరుగుతడు, మనుమరాలిని బండెక్కిచ్చుకొని చెరుకు చేన్లకు తీస్కపోతడు. గా దండెం మీది చీరె అందుకో."

"అక్కా..."

"చీరె అందుకోమంటే చెయ్యి పట్టుకుంటవేందిరా? ఏమైంది?"

"బాపు ఒట్టు వెట్టిచ్చుకున్నడక్కా. బస్సుల, కామారెడ్డి దాటినంక. దానికి చెప్పకురా, దాని సంసారం ఆగమైతది, నవ్వుకుంట పంపియ్యి అన్నడు."

"ఏం చెప్పొద్దన్నడు? రాజం, ఏం చెప్పొద్దన్నడురా?"

"రేపే పో అక్కా. పొయ్యి, పిల్లను తోల్కొని ఎల్లుండే రా. ఉగాది దాక ఆగకు."